వేపచెట్టు కింద ముప్పై ఏళ్ళు నిలబడ్డ బండి

(నల్లగొండలో ఒక ఆదివారం సాయంత్రం, ఐటీఐ పిల్లలూ పాత బండ్లంటే ఇష్టమున్నవాళ్ళూ కూడిన సభలో చేసిన ప్రసంగం. మాట్లాడినది మాట్లాడినట్టే రాసుకున్నాం.)

అందరికీ నమస్కారం. వెనకవాళ్ళకు వినబడుతుందా? సరే.

గేటు దగ్గర నిలబెట్టిన ఆకుపచ్చ బండిని చూసే లోపలికి వచ్చి ఉంటారు. ఇందాక ఒక తమ్ముడు అడిగాడు, "అన్నా, ఇది జీపా, పికప్పా?" అని. రెండూ అనుకోవచ్చు. 1974 మోడల్ మహీంద్రా జీపు, పొడుగు చాసీ, ముందర ముగ్గురు ఇరుక్కొని కూచునే క్యాబిన్, వెనక ఊళ్ళోనే కట్టించిన ఇనుప తొట్టి. ఆ రోజుల్లో మన దగ్గర పికప్ అంటే ఇట్లాంటిదే, టాటా 407 రావడానికి ఇంకా పన్నెండేళ్ళు ఉంది. మా నాయన దీన్ని సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు, బత్తాయి తోలడానికి. తోట నుంచి నల్లగొండకు కాయ, తిరుగు ప్రయాణంలో ఎరువు బస్తాలు, పెళ్ళిళ్ళ సీజన్‌లో మనుషులు. 1991 ఎండాకాలంలో ఇంజన్ పట్టేసింది. అప్పటికే బోర్లు ఒక్కొక్కటీ ఎండిపోతున్నాయి, తోటే పోయేటట్టు ఉంది, ఇక బండి ఎవరికి కావాలి? తోసుకుంటూ తీసుకెళ్ళి బాయి కాడ వేపచెట్టు కింద పెట్టాం. 2022 దాకా అక్కడే ఉంది.

నేను మెకానిక్‌ని కాను, సర్కారు బడిలో ఫిజిక్స్ చెప్తాను. ఈ పని ఇంటి వెనక రేకుల షెడ్డులో చేశాను, సెలవుల్లో, ఆదివారాల్లో, ఇరవై ఆరు నెలలు పట్టింది. లేత్ పని, సిలిండర్లు తొలిచే బోరింగ్, క్రాంకు గ్రైండింగ్ మాత్రం బయట చేయించాను, అవి ఇంట్లో అయ్యేవి కావు. ఈ ఇరవై ఆరు నెలల్లో నాకు అర్థమైనది ముందే చెప్తాను, మిగతాదంతా దానికి ఉదాహరణలే అనుకోండి. ఒక భాగం ఎందుకు చెడిందో తెలియకముందు దాన్ని మార్చొద్దు. ఒక ముక్క అక్కడ ఎందుకు ఉందో తెలియకముందు దాన్ని కోయొద్దు.

మొదటి దానికి ఇంజన్ సంగతి చెప్తాను.

బండి మళ్ళీ నడిపిస్తానంటే మా ఊళ్ళో పదిమంది పది మాటలు అన్నారు కానీ అందరూ కలిసి అన్న మాట ఒకటే, "ఆ పెట్రోల్ ఇంజన్ తీసి పారేసి డీజిల్ ఇంజన్ పెట్టు" అని. నేను ఒప్పుకోలేదు. ముందు ఇది ఎందుకు పట్టేసిందో చూడాలి కదా. నాలుగు ప్లగ్గులూ ఊడదీసి, ఒక్కో సిలిండర్‌లో గాసునూనె, కొంచెం గేరాయిల్ కలిపి పోసి వదిలేశాను. రోజూ పొద్దున టాప్ గేరులో వేసి బండిని ముందుకూ వెనక్కూ ఊపడం, అంతే, బలం పెట్టలేదు. పట్టేసిన ఇంజన్‌ని ట్రాక్టర్ కట్టి గుంజితే రింగులు విరుగుతాయి, కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది, అది గుర్తుపెట్టుకోండి. పదకొండో రోజు కిర్రుమని కదిలింది. ఆ చప్పుడు విని మా అమ్మ వంటింట్లోంచి బయటికి వచ్చి నిలబడింది.

తర్వాత హెడ్ విప్పాం, అంటే సిలిండర్ల పైన ఉండే మూత. ఇక్కడ కొంచెం ఆగాలి, ఎందుకంటే ఈ ఇంజన్ మీరు ఐటీఐలో చూసే ఇంజన్లలాగ ఉండదు. దీన్ని హరికేన్ అంటారు, అమెరికా విల్లీస్ కంపెనీవాళ్ళ డిజైన్. 2.2 లీటర్లు, నాలుగు సిలిండర్లు, బోరు, అంటే సిలిండర్ అడ్డకొలత, 79.4 మిల్లీమీటర్లు, స్ట్రోకు, అంటే పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం, 111 మిల్లీమీటర్లు, అంటే సన్నగా పొడుగ్గా ఉండే సిలిండర్. అందుకే ఎక్కువ తిరగకుండానే బరువు లాగుతుంది. దీనికంటే ముందటి విల్లీస్ ఇంజన్లో, అంటే రెండో ప్రపంచ యుద్ధంలో తిరిగిన జీపుల్లో, గాలీ పెట్రోలూ లోపలికి వదిలే ఇన్‌లెట్, పొగ బయటికి వదిలే ఎగ్జాస్ట్, రెండు రకాల వాల్వులూ సిలిండర్లు ఉండే దిమ్మెలోనే, అంటే బ్లాకులోనే ఉండేవి. ఇందులో ఇన్‌లెట్ వాల్వు పైకి, హెడ్ లోకి వెళ్ళింది, ఎగ్జాస్ట్ వాల్వు కింద బ్లాకులోనే ఉండిపోయింది. పైన వాల్వులను నొక్కే రాకర్లు రావడంతో ఇంజన్ ఎత్తు పెరిగింది, ఎత్తు పెరిగితే బానెట్ మూయలేరు, కాబట్టి 1953లో అమెరికాలో బానెట్ ఎత్తు పెంచి కొత్త మోడల్ తెచ్చారు. అక్కడ 1968లో ఆపేశారు, మన దగ్గర మహీంద్రావాళ్ళు ఆ మొహాన్ని చాలా ఏళ్ళు కొనసాగించారు. బయట మా బండి నుదురు అంత ఎత్తుగా ఎందుకుంది అని అడిగిన పాపకు ఇదీ జవాబు.

హెడ్ తీస్తే మూడు సిలిండర్లు పర్వాలేదు, గోడల మీద పైపైన జంగు, అంతే. నాలుగోది మాత్రం గీతలు పడిపోయి, పై రింగు మూడు ముక్కలై ఉంది. నాలుగోదే ఎందుకు? నేను టార్చి పట్టుకొని చాలాసేపు చూశాను, తెలియలేదు. పట్టణంలో పాత మెకానిక్ ఒకాయన ఉన్నాడు, డెబ్బై దాటింది, అందరం చాచా అంటాం. ఆయన్ని స్కూటర్ మీద ఎక్కించుకొని తీసుకొచ్చాను. చాచా పిస్టన్ దిక్కు చూడనే లేదు. ఒక సన్నని తీగ అడిగాడు. బ్లాకు పైన నీళ్ళు తిరిగే రంధ్రాలు ఉంటాయి, మొదటి సిలిండర్ పక్కన రంధ్రంలో తీగ పెట్టాడు, జానెడు లోపలికి పోయింది. రెండోది, అంతే. నాలుగో సిలిండర్ పక్కన పెట్టాడు, రెండు వేళ్ళు కూడా దిగలేదు. "ఇంజన్ ఖరాబ్ కాలేదు బేటా, మీ బాయి నీళ్ళు దీన్ని ఖరాబ్ చేసినయ్" అన్నాడు.

గీకి తీస్తే తెల్లగా, మధ్య మధ్య జంగు రంగు చారలతో, సున్నపు పెళ్ళలు. ఇంట్లో నీళ్ళు కాచే బిందె అడుగున కట్టే పెచ్చు చూశారు కదా, సరిగ్గా అదే. స్టీలు టిఫిన్ డబ్బా ఒకటి నిండింది. నాలుగో సిలిండర్ వాటర్ పంపుకు దూరంగా, అన్నిటికంటే వెనక ఉంటుంది, నీటి పారుదల అక్కడే నెమ్మది, మట్టీ సున్నమూ అక్కడే దిగి కూచుంటాయి. పోత ఇనుముతో పోలిస్తే ఆ సున్నపు పొరలోంచి వేడి దాదాపు ఇరవయ్యో వంతే దాటుతుంది. అంటే పన్నెండేళ్ళపాటు మేము రేడియేటర్‌లో పోసిన ప్రతి బిందె బోరు నీళ్ళూ ఆ సిలిండర్ చుట్టూ ఒక దుప్పటి కప్పుతూ వచ్చాయి. నల్లగొండ నీళ్ళు అనగానే అందరం ఫ్లోరైడ్ మాట ఎత్తుతాం, అది మనుషుల ఎముకలకు చేసిన అన్యాయం చిన్నది కాదు, కానీ రేడియేటర్‌ను తిన్నది ఫ్లోరైడ్ కాదు, నీటి గట్టిదనం. ఇప్పుడు ఆలోచించండి, నేను ఊరివాళ్ళ మాట విని డీజిల్ ఇంజన్ పెట్టి అదే రేడియేటర్ తగిలించి అవే నీళ్ళు పోసి ఉంటే ఏమయ్యేది? ఇంకో పదేళ్ళకు అదీ పట్టేసేది.

శుభ్రం చేసే పద్ధతి ఇంట్లోనే అవుతుంది. నిమ్మ ఉప్పు తెచ్చుకోండి, కిరాణం కొట్టులో దొరుకుతుంది. ఇరవై లీటర్ల గోరువెచ్చని నీళ్ళకు కిలో. బ్లాకులో, రేడియేటర్‌లో నింపితే గోలీసోడా కొట్టినప్పటిలాగ నురగ పొంగుతుంది, అది సున్నం కరిగి కార్బన్ డయాక్సైడ్ బయటికి రావడం. నురగ ఆగేదాకా ఉంచి, పారబోసి, మళ్ళీ నింపాలి. నాకు అయిదు సార్లు పట్టింది. చివర బట్టల సోడా కలిపిన నీళ్ళతో కడిగి, ఆ తర్వాత మంచి నీళ్ళతో కడగాలి, లేకపోతే మిగిలిన పులుపు ఇనుమును తింటూ ఉంటుంది. ఇది ఇనుప బ్లాకు, ఇనుప హెడ్డు, ఇత్తడి రేడియేటర్ కాబట్టి చెప్తున్నా, అల్యూమినియం హెడ్ ఉన్న బండికి ఇట్లా చేయకండి. ఇప్పుడు అందులో ఉన్నది సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్. బోరు నీళ్ళు చుక్క పోయనివ్వను, దారిలో ఎవరైనా సాయానికి బాటిల్ తెచ్చినా సరే.

బోరింగ్ థర్టీ ఓవర్‌సైజ్‌కు చేయించాం, అంటే అంగుళంలో ముప్పై వేయో వంతులు, 0.76 మిల్లీమీటర్. ఎగ్జాస్ట్ వాల్వులు కూచునే చోట గట్టి సీట్లు వేయించాం, ఎందుకంటే ఈ ఇంజన్ పుట్టినప్పుడు పెట్రోల్‌లో సీసం ఉండేది, వాల్వు సీటు మీద అది మెత్తలాగ పనిచేసేది. 2000లో దేశమంతా సీసం లేని పెట్రోల్ వచ్చింది, మెత్త పోయింది. పిస్టన్లు, రింగులు సికింద్రాబాద్ రాణిగంజ్‌లో దొరికాయి. చిన్న చిన్న సామాన్ల కోసం విజయవాడ ఆటోనగర్ రెండుసార్లు తిరిగాను. నల్లగొండలో ఉండటం ఈ విషయంలో మంచిదే, హైదరాబాద్, విజయవాడ రెండూ ఒకే హైవే మీద రెండు దిక్కులు.

ఇక రెండో మాట, కోయొద్దన్నది.

బాడీ పని మొదలుపెట్టేటప్పుడు ఒక అయస్కాంతానికి మెత్తటి బట్ట చుట్టి రేకు మీద జరుపుతూ పోండి. రేకు ఉన్నచోట పట్టుకుంటుంది, పుట్టీ ఉన్నచోట జారిపోతుంది. మా బండి ఎడమ మడ్‌గార్డు మీద అరచేతి వెడల్పున ఎక్కడా పట్టుకోలేదు, సుత్తెతో కొడితే బొటనవేలంత మందం పుట్టీ పెళ్ళ ఊడి వచ్చింది, దాని వెనక రేకు లేదు, గోనెసంచి ముక్క ఉంది. అట్లాంటివన్నీ కోసి కొత్త రేకు వెల్డింగ్ చేశాం. అది అవసరం, దానికి ఏ బాధా లేదు.

కానీ తొట్టికి రెండు పక్కలా బయటివైపు కొక్కేలు ఉన్నాయి. పక్కకు ఏడు, మొత్తం పద్నాలుగు. కంపెనీవి కావు. వంకరటింకరగా ఉన్నాయి, ఏ రెండూ ఒక ఎత్తులో లేవు, నాకు చూడబుద్ధి కాలేదు. తొట్టి నున్నగా ఉంటే ఎంత బాగుంటుంది అనుకొని గ్రైండర్ ఆన్ చేసి మొదటి కొక్కెం దగ్గర కూచున్నాను. అప్పుడు దాని లోపలి ఒంపు కనిపించింది. అక్కడ ఇనుము అరిగిపోయి, నున్నగా, అద్దంలాగ మెరుస్తూ ఒక గాడి. వేలు పెడితే చిటికెనవేలు సరిగ్గా అందులో కూచుంది. తాడు మందం అది. పద్నాలుగు కొక్కేలు చూశాను, అన్నిట్లో ఆ గాడి ఉంది. కుడివైపు వెనక రెండింట్లో మరీ లోతు, ఎందుకంటే మా నాయన తాడు బిగించేటప్పుడు అక్కడ కాలు తన్నిపెట్టి గుంజేవాడు, అది నాకు గుర్తుంది, నేను అవతలివైపు కొస పట్టుకొని నిలబడేవాణ్ని. ఎడ్లబండి చక్రం కమ్మీ ముక్కలు కాల్చి ఊళ్ళో కమ్మరి తాత వంచి ఇచ్చినవి అవి. బత్తాయి బస్తా గుండ్రంగా దొర్లుతుంది, ఎత్తు తక్కువ తొట్టిలో మూడు వరసలు పేర్చాలంటే తాడుతో అల్లినట్టు కట్టాలి, ఒక్కో వరస ఎత్తు ఒక్కోటి కాబట్టి కొక్కేలూ ఒక్కో ఎత్తులో ఉన్నాయి. నేను వంకర అనుకున్నది లెక్క.

గ్రైండర్ ఆపేశాను. ఆ గాడుల్లో పెయింట్ కూడా వేయనీయలేదు, నెలకోసారి నూనె గుడ్డతో తుడుస్తాను.

జంగు తీయడానికి చిన్న సామాన్లకు నేను వాడింది కరెంటు పద్ధతి. ప్లాస్టిక్ డ్రమ్ములో నీళ్ళు, బట్టల సోడా, బ్యాటరీ చార్జర్. జంగు పట్టిన ముక్కకు మైనస్, పనికిరాని ఇనుప ముక్కకు ప్లస్. తారుమారైతే మీ సామానే కరిగిపోతుంది. ప్లస్ వైపు స్టీలు గ్లాసులు, స్టీలు చెంచాలు పెట్టకండి, ఆ స్టీలులో ఉండే క్రోమియం విషంగా మారి నీళ్ళలో దిగుతుంది. ఇంకోటి, హైడ్రోజన్ బుడగలు వస్తాయి కాబట్టి ఆరుబయట పెట్టండి, దగ్గర బీడీ ముట్టించొద్దు, చార్జర్ ఆపాకే వైర్లు ముట్టుకోండి. రంగు గురించి ఎక్కువ చెప్పను. తుప్పు తీసిన రోజే ఎపాక్సీ ప్రైమర్ కొట్టాలి, ఉత్త రెడ్ ఆక్సైడ్ కొట్టి వానాకాలం వదిలేస్తే దానిలోంచి తేమ దిగుతుంది. డ్యాష్‌బోర్డు వెనక గీకితే అయిదు రంగుల కింద ఈ ఆకుపచ్చ దొరికింది, ఆర్‌సీలో ఉన్నదీ అదే, అదే కలిపించాం.

ఆర్‌సీ మాట వచ్చింది కాబట్టి చట్టం సంగతి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలకూ కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కూ తేడా వచ్చేటట్టు బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. ఇంజన్ మార్చడం, ఇంధనం మార్చడం, రంగు మార్చడం, ఇవి ముందు ఆర్‌టీఏలో అడిగి చేయాల్సినవి. 2021లో వింటేజ్ బండ్లకు వేరే నిబంధనలు వచ్చాయి. యాభై ఏళ్ళు దాటిన బండి, అసలు రూపంలోనే ఉంటే, నంబర్‌లో వీఏ అనే అక్షరాలతో రిజిస్ట్రేషన్ ఇస్తారు, ఫీజు 20,000, పదేళ్ళు చెల్లుతుంది. మాది 2024తో యాభై నిండింది, నాకూ ఆశ పుట్టింది. కానీ ఆ నంబర్‌తో ఎగ్జిబిషన్‌కు, ర్యాలీకి, పెట్రోల్ పోయించుకోవడానికి, రిపేరుకు తిప్పొచ్చు తప్ప రోజూ వాడుకోకూడదు, కిరాయికి అసలే కుదరదు. ఇది కాయ మోసిన బండి, మళ్ళీ కాయ మోయాలి. అందుకని మామూలు రిజిస్ట్రేషనే రెన్యూవల్ చేయించాను, ఏటా ఫిట్‌నెస్‌కు వెళ్తాను. మీలో ఎవరైనా పాత బండి ముట్టుకుంటే మొదటి రోజే తేల్చుకోవాల్సింది ఇదే, చూపించడానికా, నడపడానికా. సగం పని అయ్యాక తేల్చుకుంటే రెండూ పోతాయి.

ఇంకో జాగ్రత్త. చాసీ మీద పొడిచిన నంబర్ ఉంటుంది, ఇన్‌స్పెక్షన్‌లో దాని మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసుకుంటారు. ఊపులో ఉండి అక్కడ గ్రైండర్ పెట్టారంటే ఆ బండికి పుట్టుక కాగితం లేనట్టే. దాని మీద మందపాటి టేపు అంటించి పని మొదలుపెట్టండి.

మరి నేను మార్చినవి ఏమీ లేవా అంటే, ఉన్నాయి. ప్రాణానికి సంబంధించినవి మార్చాను. పాత బ్రేకుకు మాస్టర్ సిలిండర్‌లో ఒకటే గది. నాలుగు చక్రాల్లో ఏ ఒక్కచోట పైపు కారినా నాలుగు బ్రేకులూ ఒకేసారి పోతాయి. 1986లో దేవరకొండ రోడ్డు మీద మాకు అదే జరిగింది, లోడుతో ఉన్నాం, నాయన గేర్లు దించుకుంటూ చెలక లోకి దింపి ఆపాడు, నేను పక్కనే కూచుని ఉన్నాను. అందుకే రెండు గదుల మాస్టర్ సిలిండర్ పెట్టాను, ముందు చక్రాలకు ఒక దారి, వెనక వాటికి ఒక దారి, ఒకటి పోయినా ఒకటి ఉంటుంది. ఎవరో రాగి పైపు వంచడానికి సులువు అంటే వినకండి, రాగి అదురుకు గట్టిపడి పగులుతుంది. సీటు బెల్టులు పెట్టించాను, నేల రేకు పలచన కాబట్టి కింద నుంచి మందం పట్టీ వేసి బోల్టు బిగించాం.

పెట్రోల్ పైపులన్నీ మార్చాను. ఇప్పుడు బంకుల్లో పోసేది ఈ20, అందులో అయిదో వంతు ఇథనాల్. పాత రబ్బరు పైపులు, పెట్రోల్ పంపు డయాఫ్రం, కార్బొరేటర్ కార్కు ప్యాకింగులు దానికి ఉబ్బి మెత్తబడి పగులుతాయి. వేడి ఇంజన్ మీద పెట్రోల్ చుక్క పడితే ఏమవుతుందో మీకు చెప్పనక్కర్లేదు. ఇథనాల్‌ను తట్టుకునే పైపులు అడిగి తీసుకోండి, నాలుగు రూపాయలు ఎక్కువైనా సరే. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి గాలీ పెట్రోలూ కలిసిన మిక్చర్ పలచబడుతుంది, నేను కార్బొరేటర్‌లో పెట్రోల్ వచ్చే రంధ్రం, అంటే మెయిన్ జెట్, ఒక సైజు పెంచాక గాని గుట్ట ఎక్కేటప్పుడు తడబాటు పోలేదు.

వైరింగ్ మొత్తం కొత్తది, ప్రతి దానికీ ఫ్యూజు. హెడ్‌లైట్లు ఎప్పుడూ గుడ్డిదీపంలాగ ఉండేవి. మీటర్ పెట్టి చూస్తే బ్యాటరీ దగ్గర 12.4 వోల్టులు, బల్బు దగ్గర 10.3. మిగతాది స్విచ్చులో, పాత వైరులో వేడిగా పోతోంది. రిలే, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును నడిపే స్విచ్చు, పెట్టి బ్యాటరీ నుంచి నేరుగా మందం వైరు లాగాక 12 వచ్చింది. బల్బులు అవే. ఐటీఐ పిల్లలు ఇది తప్పకుండా మీ చేత్తో కొలిచి చూడాలి, ఓమ్ సూత్రం పుస్తకంలో చదివినదానికంటే బాగా ఎక్కుతుంది.

మొత్తం నాకు మూడు లక్షల నలభై వేలు అయింది, అందులో ఇంజన్‌కే సగం. మొదటిసారి బయటికి తీసింది పోయిన దసరా ముందు. చాచా పక్కన కూచున్నాడు. నేరుగా బాయి కాడికి పోయాం. మా తమ్ముడు మళ్ళీ రెండెకరాల్లో బత్తాయి పెట్టాడు, మొదటి కాపు. పదకొండు బస్తాలు ఎక్కించాం. తాడు కట్టేటప్పుడు నేను కుడివైపు వెనక కొక్కెం దగ్గర కాలు తన్నిపెట్టి గుంజాను, తాడు వెళ్ళి ఆ గాడిలో కూచుంది.

ఇప్పుడు అందరం బయటికి పోదాం. చీకటి పడకముందే చూడాలి. బానెట్ తీసి పెట్టాను, టిఫిన్ డబ్బాలో సున్నపు పెళ్ళలు కూడా తెచ్చాను, చేతిలోకి తీసుకొని చూడండి. బండి స్టార్ట్ చేస్తాను. అయిదు నిమిషాలు నడిచాక రేడియేటర్ మీద ముందు చేయి పెట్టి చూడండి. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ దిక్కు మాత్రం ఎవరూ చేయి పెట్టొద్దు, కాలుతుంది. చిన్నపిల్లలు ముందుకు రండి, మీరు ముందు.